వాళ్లు ఎక్కడికి వెళ్లారో మనం అడగలేదు

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో తిరుమలగిరి దగ్గర ఒక గ్రంథాలయ సభలో మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నన్ను పిలిచినవాళ్లు కరపత్రంలో "యుద్ధం, ప్రజాస్వామ్యం" అని పెద్ద పేరు పెట్టారు. నేను చెప్పబోయేది మాత్రం మనం కూర్చున్న ఈ చోటికి చాలా దగ్గర్లో మొదలైన సంగతి, 1987లో మన సైన్యం శ్రీలంక వెళ్లిన సంగతి. ముందు వరసలో బూడిదరంగు స్వెటర్ వేసుకుని కూర్చున్న పెద్దాయన్ని చూడండి. ఆయన సైన్యంలో పనిచేసి రిటైరయ్యారు, శ్రీలంక వెళ్లొచ్చారు. నాకంటే ముందు మీరే మాట్లాడండి అని ఆయనతో అన్నాను. "మీరు కానివ్వండి సార్, మిగిలింది నేను చెప్తా" అన్నారు. కాబట్టి నేను ఎక్కువసేపు తీసుకోను.

1987లో నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. లోతుకుంటలో ఒక ఇంట్లో మాది ముందు పోర్షన్, వెనక పోర్షన్‌లో ఒక హవల్దారు గారి కుటుంబం. విజయనగరం వైపు వాళ్లు. క్వార్టరు దొరక్క బయట అద్దెకుండేవారు. ఆయన భార్యని నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. ఇద్దరు చిన్న పిల్లలు. ఆ జూలై చివర్లో ఒక రాత్రి ఆయన ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. యూనిట్ మూవ్ అయింది అన్నారు. ఎక్కడికి, ఎన్నాళ్లకి అంటే అక్కకి తెలియదు, మాకు అంతకన్నా తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకోవాలని అనిపించకపోవడం గురించే ఈరోజు మాట్లాడదామని వచ్చాను.

ఏం జరిగిందో పిల్లల కోసం కాస్త చెప్పాలి. శ్రీలంకలో సింహళ ప్రభుత్వానికీ తమిళ మిలిటెంట్లకీ అప్పటికి కొన్నేళ్లుగా పోరాటం నడుస్తోంది. 1987 మొదట్లో అక్కడి సైన్యం ఉత్తరాన తమిళులుండే జాఫ్నా వైపు గట్టిగా కదిలింది, తమిళులకి తిండి, మందులు అందని పరిస్థితి వచ్చింది. మన ప్రభుత్వం పడవల్లో సరుకులు పంపితే వాళ్ల నౌకాదళం వెనక్కి తిప్పి పంపింది. ఆ మర్నాడు, జూన్ 4న, మన విమానాలు వాళ్ల గగనతలంలోకి వెళ్లి సరుకులు కిందికి జారవిడిచాయి. తర్వాత రెండు నెలలు కూడా తిరగకముందే, జూలై 29న, కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మిలిటెంట్లు 72 గంటల్లో ఆయుధాలు అప్పగించాలి, తమిళ ప్రాంతాలకి కొంత స్వయంపాలన వస్తుంది, ఇదంతా సాఫీగా జరిగేలా భారత్ పూచీ ఉంటుంది. శ్రీలంక అధ్యక్షుడు అడిగితే మన సైన్యం వెళ్తుంది. ఆయన అడిగాడు, మన సైన్యం వెళ్లింది. మొదట వెళ్లింది 54వ పదాతి దళ డివిజన్. దాని ప్రధాన స్థావరం మన సికింద్రాబాద్.

తేదీలు చూడండి. జూలై 29న సంతకం, 30వ తేదీకి సైన్యం దిగడం మొదలైంది. అదే 30న కొలంబోలో గౌరవ వందనం తీసుకుంటున్న రాజీవ్ గాంధీని ఒక శ్రీలంక నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు, ఆ ఫొటో అందరూ చూశారు, మా కాలేజీలో వారం రోజులు అదే మాట. ప్రధానమంత్రిని కొట్టాడట, ఎంత పొగరు, అని. మరి అదే రోజు వేల మంది మనవాళ్లు విమానాలెక్కి ఇంకో దేశంలో దిగారు కదా, దాని గురించి మా క్యాంటీన్‌లో మాట్లాడుకున్నట్టు నాకు గుర్తు లేదు. సంతకానికీ విమానానికీ మధ్య ఒక్క రాత్రి ఉంది. ఆ రాత్రిలో పార్లమెంటు చర్చించి ఓటు వేసే వ్యవధి ఎక్కడుంది? వెళ్లాక సభలో మాట్లాడారు. వెళ్లే ముందు ఎవరి ఓటూ అడగలేదు, అడగాలని చట్టంలోనూ లేదు.

చాలామందికి ఇది తెలియదు. మన రాజ్యాంగంలో యుద్ధం, శాంతి అన్నవి కేంద్ర జాబితాలో 15వ అంశం, అంటే పార్లమెంటు దాని మీద చట్టం చెయ్యొచ్చు. కానీ సైన్యాన్ని బయటి దేశానికి పంపేముందు సభ అనుమతి తీసుకోవాలని ఎక్కడా రాసి లేదు. యుద్ధం పేరుతో ఎమర్జెన్సీ పెడితే, 352వ అధికరణం కింద, దానికి ఉభయ సభల ఆమోదం కావాలి. 1987లో ఎమర్జెన్సీ పెట్టలేదు, యుద్ధమని ప్రకటించలేదు, శాంతి పరిరక్షక దళం అని పేరు పెట్టారు కాబట్టి అసలు ప్రశ్నే రాలేదు. రాజీవ్ గాంధీ పార్టీకి లోక్‌సభలో 400కు పైగా సీట్లున్నాయి, ఓటు పెట్టినా గెలిచేవారు, నాకు తెలుసు. కానీ ఓటు పెడితే ముందు నిలబడి చెప్పాలి కదా. ఎందుకు పంపుతున్నాం, ఆయుధాలు అప్పగించకపోతే ఏం చేస్తాం, ఎప్పుడు వెనక్కి తెస్తాం అని చెప్పాలి. ఆ చెప్పాల్సిన అవసరమే లేకుండా పోయింది. ప్రతిపక్షాల్లో అందరికంటే ఎక్కువ సీట్లు ఎవరివో తెలుసా? తెలుగుదేశానివి, 30. మనం ఓటేసి పంపిన 30 మంది. మనం వాళ్ల దగ్గరికి వెళ్లి ఈ సంగతి అడిగామా? మా వీధిలో నల్లా నీళ్ల గురించి ఎమ్మెల్యే ఇంటికి వెళ్లాం, అది గుర్తుంది.

మొదట్లో అక్కకి ఉత్తరాలు వచ్చేవి. ఇన్‌లాండ్ లెటర్లు. పంపిన చోటు ఉండదు, ఆర్మీ పోస్టాఫీసు నంబరు మాత్రం ఉంటుంది. అక్కకి చదువు అంతంతమాత్రం, నేనే చదివి పెట్టేవాణ్ణి. ఇక్కడ కొబ్బరిచెట్లు మనవైపు లాగే ఉన్నాయి, జనం మాకు దండలు వేశారు, పిల్లలు చెయ్యి ఊపుతున్నారు, దసరాకి వస్తానేమో. ఇట్లా ఉండేవి. దండలు వేసిన మాట నిజమే, జాఫ్నా తమిళులు ఆ మొదటి వారాల్లో మన సైన్యాన్ని రక్షకులనే అనుకున్నారు.

కానీ అప్పటికే అంతా బయటపడింది, చూసే కళ్లుంటే. ఆగస్టు 4న, తమిళ మిలిటెంట్లలో బలమైన ఎల్టీటీఈకి నాయకుడైన ప్రభాకరన్ జాఫ్నా దగ్గర సుదుమలైలో బహిరంగ సభ పెట్టి, ఆయుధాలు ఇస్తున్నాం గానీ ఈ ఒప్పందంతో తమిళుల సమస్య తీరుతుందన్న నమ్మకం తనకు లేదని అందరి ముందూ చెప్పాడు. రహస్యం కాదది. సెప్టెంబర్‌లో తిలీపన్ అనే ఎల్టీటీఈ నాయకుడు నల్లూరు గుడి దగ్గర, మనదేశం ముందు డిమాండ్లు పెట్టి, పచ్చినీళ్లు కూడా ముట్టకుండా దీక్షకు కూర్చుని 26న చనిపోయాడు. దండలు వేసిన జనం మొహాలు అప్పుడే మారిపోయాయి. అక్టోబర్ మొదట్లో శ్రీలంక నౌకాదళం పట్టుకున్న ఎల్టీటీఈ వాళ్లని కొలంబో తీసుకెళ్లబోతే వాళ్లు సైనైడ్ మింగారు, 12 మంది చనిపోయారు. ఆ తర్వాత దాడులు మొదలయ్యాయి, అక్టోబర్ 10న మన సైన్యం జాఫ్నా మీదికి కదిలింది. శాంతి కోసం వెళ్లినవాళ్లు యుద్ధంలో పడ్డారు. ఈ రెండు నెలల్లో ఏ రోజైనా సరే మనం దేశంగా ఆగి, ఇది ఎటు పోతోంది, వీళ్లని వెనక్కి పిలుద్దామా, ఇంకా పంపుదామా అని అడిగి ఉండాల్సింది.

ఆ అక్టోబర్ 10 శనివారం. ఆ రోజు నేనెక్కడున్నానో చెప్పాలి, ఇది చెప్పకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదు. రిలయన్స్ కప్, అంటే ఆ ఏటి క్రికెట్ ప్రపంచ కప్, జరుగుతోంది. ముందు రోజు చెన్నైలో మనం ఆస్ట్రేలియా మీద ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం, ఆ బాధ నాకింకా గుర్తుంది. 10న మన లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజీలాండ్‌కీ జింబాబ్వేకీ మ్యాచ్. హౌటన్ 142 కొట్టాడు, అయినా 3 పరుగులతో జింబాబ్వే ఓడిపోయింది. ముగ్గురు స్నేహితులం కలిసి వెళ్లాం, గొంతు పోయేలా అరిచాం. మర్నాడు ఆదివారం, పొద్దున అందరిళ్లలో టీవీలో రామాయణం, మా పోర్షన్‌లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు వీధి సగం కూర్చుంది, అక్క కూడా పిల్లల్ని తీసుకుని వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. ఆ రాత్రే జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి మనవాళ్లు దిగారు. ఎల్టీటీఈ వాళ్లకి ముందే తెలిసిపోయింది, కాచుకుని ఉన్నారు. కమాండోలతో పాటు దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లు 30 మంది, తెల్లారేసరికి వాళ్లని ఎల్టీటీఈ వాళ్లు చుట్టుముట్టేశారు, వాళ్లలో 29 మంది చనిపోయారు, ఒక్కడు పట్టుబడ్డాడు. తూటాలు అయిపోయాక కూడా పోరాడారు.

నేను క్రికెట్ చూడటం తప్పని చెప్పడం లేదు పిల్లలూ. ఇరవై ఏళ్ల కుర్రాడు క్రికెట్ చూస్తాడు. కానీ ఆ తర్వాత వారంలో అక్క ఉత్తరాలు ఆగిపోయాయి. రోజూ సాయంత్రం వచ్చి "తమ్ముడూ, పేపర్లో ఏటైనా రాసేరా?" అని అడిగేది. నేను పేపరు తీసి వెతికేవాణ్ణి, వెతుకుతుంటే నాకర్థమైంది, పది రోజులుగా నేను ఆ పేపరు చివరి పేజీ తప్ప తెరవలేదని. వార్త ఉంది. మొదటి పేజీలోనే ఉంది. చనిపోయినవాళ్ల లెక్క ఉంది, ఊళ్ల పేర్లున్నాయి. మా ఇంట్లో టీపాయ్ మీద పడి ఉంది. సమాచారం దొరకలేదని మనం చెప్పడానికి లేదు. రేడియో, దూరదర్శన్ ప్రభుత్వానివే, అవి చెప్పింది సగమే, ఒప్పుకుంటాను. కానీ ఆ సగం కూడా మనం వినలేదు. ఒక ఇంటి గోడకి అవతల ఒక మనిషి టెన్షన్‌తో నిద్ర లేకుండా ఉంటే, ఇవతల నేను చెప్పలేనంత హాయిగా ఉన్నాను.

మరి తమిళనాడులో ఇట్లా లేదు. అక్కడ ఊరూరా మాట్లాడుకున్నారు, కోప్పడ్డారు, ఊరేగింపులు తీశారు. మిగతా దేశానికి అది తమిళుల గొడవ. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో, నేనూ ఎన్నిసార్లు అన్నానో. చనిపోతున్నది పంజాబీ, గూర్ఖా, మరాఠా, మద్రాస్ రెజిమెంట్ల వాళ్లు, వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, అయినా అది తమిళుల గొడవ. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది వినడానికి కష్టంగా ఉంటుంది. అక్టోబర్ 21న మన సైన్యం జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్లింది, రోగులు, డాక్టర్లు, నర్సులు కలిసి 60 మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి కాల్పులు వచ్చాయని మనవైపు చెప్పిన మాట, చనిపోయిన డాక్టర్లు చేతులెత్తి నిలబడ్డారని బతికినవాళ్లు చెప్పిన మాట. దాని మీద మనదేశంలో బహిరంగ విచారణ జరిపించమని మనం పట్టుబట్టలేదు. మన పేరు మీద జరిగింది అది. సైనికుణ్ణి ప్రేమించడమంటే అతను చేసినదేదీ అడగకపోవడం కాదు. ఏ పరిస్థితిలోకి అతన్ని నెట్టామో, ఆ నెట్టినవాళ్లని అడగడం. సరైన నిఘా సమాచారం లేకుండా, ఎదురుగా ఉన్నది ఎవరో, ఎంతమందో తెలియకుండా పంపారని అక్కడ పనిచేసిన అధికారులే తర్వాత రాశారు.

ఇక మిగిలింది త్వరగా చెప్తాను. రెండున్నరేళ్లు నడిచింది. జాఫ్నా పట్టణం అక్టోబర్ చివరికి చేతికొచ్చింది గానీ యుద్ధం అడవుల్లోకి పోయింది. 1989 జనవరిలో ప్రేమదాస అధ్యక్షుడయ్యాడు, జూన్ 1న మన సైన్యం జూలై 29కల్లా వెళ్లిపోవాలని బహిరంగంగా చెప్పాడు. వాళ్ల ప్రభుత్వమే మన సైన్యంతో పోరాడుతున్న ఎల్టీటీఈకి చాటుగా ఆయుధాలిచ్చింది. రమ్మన్నది వాళ్లు, పొమ్మంటున్నది వాళ్లు, మనవాళ్ల మీద పేలే తుపాకులు ఇస్తున్నదీ వాళ్లే. అయినా మన జవాన్లు మరో తొమ్మిది నెలలు అక్కడే ఉన్నారు. మధ్యలో నవంబర్‌లో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ ఎన్నికల్లో బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు గొడవ తప్ప ఇంకో మాట లేదు. గోడల నిండా ఫిరంగి బొమ్మలు. నేను బొల్లారం నుంచి సికింద్రాబాద్ స్టేషన్ దాకా రోజూ బస్సులో వెళ్లేవాణ్ణి, శ్రీలంకలో ఉన్న సైన్యం గురించి ఒక్క గోడ మీద కూడా ఒక్క ముక్క చూడలేదు. ఈ కంటోన్మెంట్ గోడల మీద! ఫిరంగి కొన్న లెక్క అడిగాం, మంచిదే, అడగాల్సిందే. మనుషుల్ని పంపిన లెక్క అడగలేదు.

1990 మార్చి 24న ఆఖరి దళం ట్రింకోమలీ నుంచి ఓడెక్కింది. దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. కార్గిల్‌లో 527 మంది. కార్గిల్ మనందరికీ తెలుసు, ప్రతి ఊళ్లో బొమ్మ ఉంది, బడిలో వ్యాసం రాయిస్తారు. దానికి రెండింతలకు పైగా చనిపోయిన యుద్ధం పేరు ఇక్కడున్న పిల్లల్లో ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగను, మీ తప్పు కాదు, మేం చెప్పలేదు. తిరిగొచ్చిన సైన్యానికి స్వాగతం చెప్పడానికి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. అప్పట్లో ఉత్తరాది పత్రికలు ఆయన్ని చాలా తిట్టాయి. నేనూ తిట్టాను. ఇప్పుడాలోచిస్తే, ఆయన రాకపోవడానికి ఆయన చెప్పిన కారణం ఒకటుంది, తమిళుల్ని చంపిన సైన్యానికి నేను స్వాగతం చెప్పలేను అన్నాడు. దాన్ని మనం ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. మరి సికింద్రాబాద్‌లో మనం స్టేషన్‌కి వెళ్లకపోవడానికి కారణం ఏమిటి? మనకి కారణం కూడా లేదు.

అక్క వాళ్లాయన బతికే వచ్చాడు. ఎడమ కాలికి దెబ్బ, కాస్త ఎత్తిపెట్టి నడిచేవాడు. వచ్చిన రెండో రోజో మూడో రోజో, ఇద్దరం కలిసి కిరాణా కొట్టుకి వెళ్లాం. కొట్టతను చాలా మంచివాడు, అక్కకి ఆ రెండేళ్లు అరువిచ్చినవాడు. ఆయన్ని చూసి సంతోషంగా "ఏం హవల్దార్ సాబ్, చాన్నాళ్లకు కనబడ్డారు, ఎక్కడికైంది ట్రాన్స్‌ఫరు?" అని అడిగాడు. ఆయన ఒక్క నిమిషం ఊరుకుని "సౌత్ సైడు" అన్నాడు. అంతే. కందిపప్పు తీసుకుని వచ్చేశాం. దారిలో కూడా ఏం మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు దాటినా నాకు ఆ రెండు మాటలు చెవిలో ఉన్నాయి.

ఇలాంటి సభల్లో ఎవరో ఒకరు లేచి అడుగుతారు, మీరు ఈలోగా అడిగేస్తారని నేనే చెప్తున్నాను. యుద్ధం సంగతి సైన్యానికీ ప్రభుత్వానికీ తెలుస్తుంది, మనలాంటివాళ్లకి ఏం తెలుసు, అన్నీ బయటపెడితే శత్రువు వినడా, అని. మనమీదికి ఎవరైనా దండెత్తి వస్తే సభ పెట్టి ఓటింగ్ చేసేదాకా ఆగమని నేననడం లేదు. 1965, 1971, కార్గిల్, అక్కడ ఎదురు నిలబడటం తప్ప దారి లేదు. 1987 అలాంటిది కాదు, అది మనం ఎంచుకుని వెళ్లింది. ఎంచుకున్న దానికి జవాబు చెప్పాలి. ఎప్పుడు, ఏ దారిలో వెళ్తారో చెప్పొద్దు. ఎందుకు వెళ్తున్నారో చెప్పండి. పైగా 1962లో, చైనా సైన్యం లోపలికొచ్చి ఉన్నప్పుడు, అప్పటికి కుర్రవాడైన వాజపేయి పార్లమెంటు పెట్టాలని అడిగాడు, నెహ్రూ సరేనని నవంబర్ 8న సభ పెట్టాడు. రహస్యంగా తలుపులు మూసి జరుపుదామని ఒక సభ్యుడు అంటే నెహ్రూ ఒప్పుకోలేదు, దేశమంతా వినాల్సిన సంగతి ఇది అన్నాడు. రోజుల తరబడి నూటికి పైగా సభ్యులు మాట్లాడారు, సొంత పార్టీవాళ్లే ఆయన్ని మొహం మీద కడిగేశారు. అవతల యుద్ధం నడుస్తూనే ఉంది. అప్పుడు సాధ్యమైంది 1987లో ఎందుకు సాధ్యం కాదు?

మనం అడిగిన సందర్భం కూడా ఒకటుంది, అది చెప్పకపోతే నా మాటలన్నీ ఏడుపులాగే మిగిలిపోతాయి. 2003లో అమెరికా ఇరాక్ మీదికి వెళ్లింది. ఏప్రిల్‌లో మన లోక్‌సభ ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసింది, నింద అన్న మాటే వాడారు. తర్వాత కొద్ది వారాలకి అమెరికా మన సైన్యాన్ని అడిగింది, దాదాపు ఒక డివిజన్, ఇరాక్‌లో శాంతిభద్రతలు చూడటానికి. మళ్లీ అదే మాట, శాంతి. ప్రభుత్వంలో పంపాలన్నవాళ్లు గట్టిగానే ఉన్నారు, పెద్ద దేశం కావాలంటే ఇలాంటి అవకాశం వదులుకోకూడదని పత్రికల్లో రాశారు. ఈసారి మాత్రం దేశం ఊరుకోలేదు. ప్రతిపక్షాలు అడిగాయి, రిటైరైన సైన్యాధికారులు రాశారు, నేను పనిచేసే బడిలో టీచర్ల గదిలో రోజూ వాదనే. మే, జూన్ రెండు నెలలూ నడిచింది. జూలై 14న కేంద్రం ఐక్యరాజ్యసమితి ఆదేశం లేకుండా పంపలేమని చెప్పేసింది. ఆ గదిలో ఒకాయన శ్రీలంక మాట ఎత్తాడు, అప్పుడు కూడా శాంతి కోసమనే పంపారుగా అన్నాడు. అది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ 1,200 మంది ప్రాణాలు ఎవరికో ఒకరికి గుర్తొచ్చాయి. ఆ ఏడు ఈ కంటోన్మెంట్ నుంచి ఎవరూ ఇరాక్‌కి వెళ్లలేదు.

బయటి సంగతులు ఎక్కువ చెప్పను, ఒక్కటి మాత్రం. మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు, పౌరసత్వం తీసుకుని ఓటేస్తున్నారు. అక్కడ 1973 దాకా సైన్యంలోకి నిర్బంధంగా తీసుకునేవారు, వియత్నాం యుద్ధకాలంలో పుట్టినరోజు చీటీల్లో లాటరీ తీసేవారు. తన చీటీ వస్తుందేమోనని ప్రతి ఇంట్లో భయం, అందుకే కాలేజీలన్నీ రోడ్డు మీదికొచ్చాయి. ఆ పద్ధతి ఆగిపోయాక యుద్ధం ఎవరో కొద్దిమంది ఇళ్ల సంగతి అయిపోయింది. 2001లో సెప్టెంబర్ 11 దాడులు జరిగిన మూడు రోజులకే వాళ్ల కాంగ్రెస్ అధ్యక్షుడికి సైన్యాన్ని వాడే అధికారమిస్తూ తీర్మానం చేసింది, రెండు సభల్లో కలిపి వద్దన్నది ఒకే ఒక్కరు, బార్బరా లీ. ఆ ఒక్క కాగితాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి ఎన్నో దేశాల్లో సైన్యాన్ని దింపారు. 2017లో నైజర్ అనే దేశంలో నలుగురు అమెరికా సైనికులు చనిపోతే, అక్కడ మనవాళ్లు వెయ్యిమంది ఉన్నారని నాకే తెలియదని సెనేటర్ ఒకాయన టీవీలో చెప్పాడు. ఓటు ఉన్న చోట కూడా, అడిగేవాళ్లు లేకపోతే ఓటు పాతబడిపోతుంది. అదే బ్రిటన్‌లో, ఇరాక్ విషయంలో మోసపోయిన జనం మర్చిపోలేదు, 2013లో సిరియా మీద దాడికి ప్రభుత్వం అనుమతి అడిగితే పార్లమెంటు 13 ఓట్ల తేడాతో వద్దంది. ప్రధానమంత్రి సరేనని ఆగిపోయాడు.

మన దగ్గరా లాటరీ లేదు, ఇష్టపడి చేరతారు, అంటాం. ఇష్టమే. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఊరుంది, రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుంచి ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లిన ఊరు. అలాంటి ఊళ్లో సరిహద్దులో ఏదైనా జరిగిందంటే అరుగుల మీద మాట ఒక రకంగా ఉంటుంది. ఎవరి యూనిట్ ఎక్కడుంది, ఎవరికి సెలవు దొరికింది, ఎవరి ఫోన్ కలవడం లేదు. మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాట ఇంకో రకంగా ఉంటుంది. కొట్టెయ్యండి, తేల్చెయ్యండి, అని. రాసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, నాకు తెలిసినవాళ్లే. కానీ వాళ్ల ఇంట్లోంచి ట్రంకు పెట్టె సర్దుకుని ఎవరూ వెళ్లరు. ఉత్సాహం కూడా ఒక రకం పట్టనితనమే అని నాకనిపిస్తుంది, ఎందుకంటే అందులోనూ ప్రశ్న లేదు. 1987లో మేం మాట్లాడకుండా ఊరుకున్నాం, ఇప్పుడు రోజంతా మాట్లాడుతున్నాం, రెండుసార్లూ అడగాల్సింది అడగలేదు.

నేను కోరేది చిన్నదే. దేశం బయటికి పోరాడటానికి సైన్యాన్ని పంపితే, ఇన్ని రోజుల్లోగా ప్రభుత్వం పార్లమెంటులో కారణం చెప్పి ఓటు తీసుకోవాలని ఒక చట్టం రావాలి. దాన్ని పార్లమెంటు చెయ్యగలదు, 15వ అంశం అందుకే ఉంది. ఈ నియోజకవర్గం ఎంపీ ఎవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, ఓటడగడానికి కంటోన్మెంట్ వీధుల్లోకి వచ్చినప్పుడు రోడ్డు, నీళ్లు, డ్రైనేజీతో పాటు ఈ ఒక్కటి కూడా అడుగుదాం. నేను పోయిన ఎన్నికల్లో అడిగాను, ఆయనతో వచ్చిన కుర్రాళ్లు నన్ను వింతగా చూశారు. పదిమంది అడిగితే వింతగా చూడరు.

శ్రీలంకలో చనిపోయిన మనవాళ్లకి కొలంబో పక్కన, వాళ్ల పార్లమెంటుకి దగ్గర్లో ఒక స్మారకం ఉంది. నల్లరాతి మీద పేర్లు చెక్కారు. మన ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019లో వచ్చింది, అక్కడా వాళ్ల పేర్లున్నాయి. అంటే దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. వెళ్లినప్పుడు పిల్లలకి ఆపరేషన్ పవన్ అని రాసి ఉన్న పేర్లు చూపించండి, శ్రీలంకలో మన సైన్యం చేసిన పోరాటానికి పెట్టిన పేరది.

నాకిచ్చిన టైము అయిపోయింది, కాస్త ఎక్కువే తీసుకున్నాను. మైకు ముందు వరసలోకి ఇవ్వండి. వైరు కుర్చీ కాలికి చుట్టుకుంది, చూసుకోండి. అన్నా, మీరు లేవక్కర్లేదు, కూర్చునే చెప్పండి. ఆ కొట్టతను అడిగిన మాట నేను అడగను. జూలై చివర్లో ఆ రాత్రి, విమానం ఎక్కేముందు మీకు ఎక్కడికి వెళ్తున్నారని చెప్పారు? ఎన్నాళ్లలో వస్తారని చెప్పారు?